సగం వాడి దాచిన ట్యూబు

"మచ్చ పోయినంక గోలీలు ఎందుకే? దాచిపెట్టిన. మల్ల వస్తే పనికొస్తయి."

"దాచిపెడితేనే మల్ల వస్తది అత్తమ్మా. డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పింది మీకు?"

"నాకు చెప్పకు. పిల్లను ఇటియ్యి."

"ఇయ్య. గోలీలు అయిపోయే దాక పిల్ల మీ ఒళ్లకు రాదు."

కోడలు స్వప్న నాకు ఎదురు చెప్పడం అదే మొదలు. తొమ్మిది నెలల నా మనుమరాలిని చంకనేసుకొని లోపలికి పోయింది. గోలీల డబ్బా నా చేతిలోనే ఉంది.

మాది కరీంనగర్ దగ్గర పల్లె. నేను మూడో తరగతి దాకా చదివాను. బీడీలు చేస్తాను. బీడీలు చుట్టే తునికాకు ఎండకు విరిగిపోతుందని తడి గుడ్డలో చుట్టి ఒడిలో పెట్టుకొని, దాని మీద చాట పెట్టుకునేదాన్ని. పొద్దంతా చీర తడిగానే ఉండేది.

పోయిన ఎండకాలం ఒకనాడు లంగా నాడా కట్టే చోట దురద పుట్టింది. రూపాయి బిళ్లంత ఎర్రటి చుట్టు, అంచు ఉబ్బి ఉంది. వేపాకు నూరి పూస్తే మండింది గానీ తగ్గలేదు. మెడికల్ షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. రెండు రోజుల్లో దురద ఆగింది. ఇక పూయడం దండగని మూత బిగించి బియ్యం డబ్బా వెనుక దాచాను. దురద మళ్లీ వచ్చింది, మళ్లీ పూశాను. వానకాలానికి చుట్టు తొడల దాకా పాకింది.

అప్పుడే పిల్ల బుగ్గ మీద ఒక చుట్టు కనబడింది. అది నిద్రపోయేది నా ఒడిలోనే, దాని మూతి తుడిచేది నా తువ్వాలుతోనే. నా ట్యూబే దానికీ పూశాను. కొన్నాళ్లకు బుగ్గంతా అయింది.

స్వప్న మా ఇద్దరినీ స్కిన్ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరమ్మ ట్యూబు తిప్పి చూసింది.

"దీంట్ల స్టిరాయిడ్ ఉంది. దురద ఆపుతది, ఫంగస్‌ను పెంచుతది. పాపకు గూడ ఇదే పూసిన్రా?"

"పూసిన."

ఆమె నన్ను తిట్టలేదు. చర్మం గీకి కేఓహెచ్ టెస్ట్ చేయించింది. ఫంగస్, అంటే తామర అని తేలింది. నాకు లివర్ ఎలా ఉందో చూసే ఎల్ఎఫ్‌టీ చేయించి ఇట్రాకొనజోల్ గోలీలు, పూతకు క్రీమ్ రాసింది. పిల్లకు క్రీమ్ ఒక్కటే.

"మచ్చ దాటి రెండు వేళ్లంత బయటికి పూయాలె. మచ్చ పోయినంక గూడ రెండు వారాలు వాడాలె. ఎవరి తువ్వాలు వాళ్లదే. తడి బట్ట ఒంటి మీద ఉంచొద్దు."

పిల్లకు నయమైంది. నాకు మచ్చలు కనబడకుండా పోగానే మిగిలిన గోలీలు దాచాను. గొడవ వాటి మీదే. స్వప్న లోపలికి పోయాక నడుము చూసుకున్నాను. నాడా కింద గోరంత చుట్టు మళ్లీ మొదలైంది.

మళ్లీ చూపిస్తే డాక్టరమ్మ మొదటి నుంచి వాడమంది. ఇప్పుడు వాడుతున్నాను. నా తువ్వాలు వేరే తాడు మీద ఎండలో ఆరుతుంది. చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. తామర మందు దాచుకునే వస్తువు కాదు, డాక్టర్ చెప్పిన రోజు దాకా వాడి ముగించండి.

ఆ గొడవ తెల్లారి, డాక్టరమ్మ దగ్గరికి పోకముందే, అన్నం తిని దాచిన గోలీ వేసుకున్నాను. పాత ట్యూబును చివరి దాకా పిండి మోరీ కాలువలో పారేశాను. ఆకుల మూటను ఒడిలో కాకుండా రేకు డబ్బాలో పెట్టి బీడీలకు కూర్చున్నాను. పిల్ల పాకుతూ వచ్చి చీర పట్టుకుంది. చాటతో సహా గోడ దాకా జరిగాను. అది అక్కడికీ వచ్చింది.

"స్వప్నా, పిల్లను తీస్కపో," అన్నాను.

వచ్చి ఎత్తుకుంది.