వెంకటరావమ్మ సాలు

మిరప కోతలో వెంకటరావమ్మ ముందుంటే మిగతా ఆడవాళ్లు కొంగు బిగించాల్సిందే. దాచేపల్లి చుట్టుపక్కల చేలల్లో ఇరవై ఏళ్లుగా కూలీల ముఠాలో కోత వేగానికి ఆమె పెట్టింది పేరు. "నా వంతు సాలు నేను కొయ్యలేని రోజు నన్ను ముఠాలోంచి తీసెయ్యండే," అనేది. నవ్వుతూనే అనేది గానీ, చివరికి ఆ మాటే ఆమెకి చుట్టుకుంది.

రెండేళ్ల కిందట షుగరు బయటపడింది. అప్పటికే కిడ్నీలు సగం దెబ్బతిన్నాయన్నారు. ఈ సంగతి ముఠాలో పొక్కకూడదని భర్త బుల్లయ్య చేత ఒట్టు వేయించుకుంది. మాత్రలు బియ్యం డబ్బాలో దాచుకునేది. రోగమొస్తే తప్పు చేసినట్టు తలదించుకునే మనుషులం మనం, ఎవరిని అనాలి!

ఈ ఫిబ్రవరిలో చేలో కాలువ నీళ్లు తాగి, వెంకటరావమ్మతో కలిపి ముఠాలో ఆరుగురికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒకే ఆటోలో ఆస్పత్రికి చేరారు. ఒకే వార్డులో వరసగా మంచాలిచ్చారు.

"ఈమెకి ముందునుంచీ జబ్బులేమైనా ఉన్నాయా?" అని డాక్టరు బుల్లయ్యని అడిగాడు.

చెబుదామని నోరు తెరిచాడు. పక్క మంచాల మీంచి ముఠా అంతా ఇటే చూస్తోంది. వెంకటరావమ్మ వద్దని కళ్లతోనే గదిమింది.

"ఏం లేవండీ. గట్టి మనిషండీ," అన్నాడు.

అందరికీ ఇచ్చినట్టే ఆమెకీ సెలైను పెట్టి, కడుపునొప్పి తగ్గడానికి ఇంజెక్షన్ ఇచ్చారు.

మూడో రోజుకి మిగతా ఐదుగురూ లేచి కూర్చుని జడలల్లుకుంటున్నారు. వెంకటరావమ్మకి మాత్రం మొహం ఉబ్బింది, మూత్రం ఆగిపోయింది. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు తల పట్టుకున్నాడు.

"కిడ్నీలు ముందే పాడయ్యాయని ఒక్క మాట చెబితే ఆ ఇంజెక్షన్ ఇచ్చేవాణ్ణి కాదయ్యా. ఆ రోజే గుంటూరు పంపేవాణ్ణి. వాళ్లకిది మూడు రోజుల బాధ. ఈమె ఒంటికి తట్టుకునే బలమేది?"

అప్పటికప్పుడు అంబులెన్సు ఎక్కించారు. పిడుగురాళ్ల దాటకముందే, బుల్లయ్య పట్టుకున్న చెయ్యి చల్లబడిపోయింది.

పెద్దకర్మ నాడు ముఠా అంతా వచ్చింది. ఇక దాచి ఏం లాభమని, బుల్లయ్య ఏడుస్తూ ఒట్టు సంగతి చెప్పాడు. వెంకటరావమ్మ పక్క సాలు పట్టే రాజేశ్వరి తలదించుకుంది.

"మాకు తెలుసు బాబాయ్. పోయినేడు కాళ్లు వాచినప్పుడే కనిపెట్టాం. పిన్ని వెనకబడితే అటు నేనూ ఇటు సౌజన్యా ఆమె సాల్లో కాయలు కోసి ఆమె సంచిలోనే వేసేవాళ్లం. నొచ్చుకుంటదని ఎవరం నోరెత్తలేదు."

"మరి ఆస్పత్రిలో..."

"నువ్వు 'ఏం లేవు' అంటే, మా ముందు చెప్పలేక అన్నావనుకున్నాం. డాక్టరుని పక్కకి పిలిచి చెబుతావులే అనుకున్నాం బాబాయ్."

బుల్లయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"అయితే ఆ గదిలో తెలియనోడు డాక్టరొక్కడేనా అమ్మా?" అన్నాడు.