కాల్చే జిడ్డు, పండబెట్టే జిడ్డు

మా మేనమామ పోయాడని అత్తమ్మ ఫోన్ చేసినప్పుడు నేను భూపాలపల్లి క్వార్టర్‌లో బట్టలు ఆరేస్తున్నాను. "మీ మామ లేస్తలేడు బిడ్డా" అంది. రేగొండ అవతల వాళ్ల ఊరు చేరేసరికి ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టారు. స్నానం చేయించినవాళ్లు ఎంత రుద్దినా ఎడమ బొటనవేలి గోరు మీది మైనం మాత్రం పోలేదు. అప్పటిదాకా రాని ఏడుపు నాకు ఆ గోరును చూస్తే వచ్చింది.

ఆ మైనం సంగతి చెప్పాలి. మామ దగ్గర పంట కాపలా కోసం లైసెన్సు తీసుకున్న భర్మారు ఉండేది. గొట్టం మూతిలోంచి తుపాకిమందు పోసి, గుడ్డ చుట్టిన సీసపు గుండును కడ్డీతో లోపలికి దించే పాతకాలపు తుపాకి. ఆ గుడ్డకు ఏదో ఒక జిడ్డు పట్టించాలి. లేకపోతే కాలిన మందు మసి లోపల గట్టిపడి తర్వాతి గుండు దిగదు. ఏ జిడ్డు మంచిదన్నదే ఆయన జీవితకాలపు పరేషాన్.

కుదురుగా కూర్చున్న మామను నేను ఎన్నడూ చూడలేదు. అన్నం తింటూ లేచి మక్కచేను వైపు చూసి వచ్చేవాడు. చేను మీద పడే అడవిపందులను కాల్చాలంటే పైనుంచి అనుమతి రావాలి. అందుకని గట్టు కింది ఎండిన తాటిమొద్దులోకి కాల్చేవాడు. ఆ చప్పుడుకు పందులు పారిపోయేవి. అట్లయితే ఉత్త మందు పేలిస్తే చాలదా అని అడిగితే ఒప్పుకునేవాడు కాదు.

"గుండు లేని సప్పుడు పందులకు ఎర్కైతది బిడ్డా" అనేవాడు. ఆయన ఆ మాట నిజంగానే నమ్మేవాడు.

ఇంట్లో ఏ సీసా చోటు మారినా అత్తమ్మ నేరుగా మామ దగ్గరికే వెళ్లేది. నువ్వుల నూనె, ఆముదం, కరగబెట్టిన మేకకొవ్వు, మహబూబాబాద్ వైపు నుంచి తెప్పించుకున్న ఇప్పనూనె, అన్నీ తేనెమైనంతో కలిపి చూసేవాడు. ఒకసారి ఆమె వాసన నూనె కూడా డబ్బాలో పోసుకున్నాడు.

"నా నెత్తికి లేని నూనె నీ తుపాకికా?" అని అత్తమ్మ లేచింది.

"దానికి సుత దూపైతదే!" అన్నాడు మామ, దాహమైన దూడను వెనకేసుకొచ్చినట్టు. అత్తమ్మ కోపం మరిచిపోయి నవ్వింది. ఆ తర్వాత ఆయన్ని జిడ్డు మనిషి అని పిలవడం మొదలుపెట్టింది.

పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద కరిగించి, చల్లారాక కొంచెం గోరు మీద పెట్టుకుని చెయ్యి ఎండలోకి చాపేవాడు. జారితే ఇంకాస్త మైనం, పగిలితే ఇంకాస్త నూనె. ఎండాకాలానికి కుదిరింది చలికాలానికి కుదరదు. "ఇంకా కుదరలే" అనేవాడు ప్రతిసారీ, దిగులుగా కాదు, ఇంకో పని దొరికిందన్న సంబరంతో.

ఒక్కసారి మాత్రం ఆయన భయపడటం చూశాను. జనగామ నుంచి వచ్చిన ట్రాక్టర్ మెకానిక్ మాట విని బేరింగుల గ్రీజు వాడాడు. కాసేపటికే గొట్టంలో మసి తారులా పేరుకుపోయి గుండు సగంలో ఆగిపోయింది. అట్లాగే కాలిస్తే గొట్టం పగులుతుంది. మందు నింపిన తుపాకిని చెట్టుకు ఆనించి, మమ్మల్నెవరినీ దగ్గరికి రానివ్వకుండా, దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. తెలిసిన కమ్మరి వచ్చి గుండు బయటికి లాగేదాకా మంచినీళ్లు కూడా ముట్టలేదు. మళ్లీ ఆ గ్రీజు డబ్బా గడప దాటి లోపలికి రాలేదు.

ఎన్నికలు వస్తే తుపాకులన్నీ ఠాణాలో అప్పజెప్పాలి కదా. దానికి ఆయన వేరే జిడ్డు చేసేవాడు. మైనం ఎక్కువేసి గట్టిగా, లోపలా బయటా మందంగా పూయడానికి. అది పండబెట్టే జిడ్డు, తుపాకిని నిద్రపుచ్చేది. చేతిలో ఉన్నప్పుడు వాడేది కాల్చే జిడ్డు. తుపాకి ఠాణాలో ఉన్నన్నాళ్లూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దూడల మెడలు నిమురుతూ తిరిగేవాడు.

కర్మకాండలు అయ్యాక తుపాకిని అప్పజెప్పమని ఠాణా నుంచి కబురొచ్చింది. లైసెన్సు ఆయనది, ఆయనతోనే పోయింది. భూమి కౌలుకివ్వమని దాయాదులైన పాలోళ్లు అత్తమ్మకు చెప్తున్నారు. పందుల కాపలా ఆడమనిషి వల్ల అయ్యే పనా అన్నారు. ఆమె నన్ను పక్కకు పిలిచింది. లైసెన్సు తన పేరు మీదికి మార్పించమని నాకు చెప్పింది.

తుపాకికి పూద్దామని కిటికీ గూటిలోంచి నేను గట్టి జిడ్డు డబ్బా తీశాను. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అది వద్దు. కాల్చే జిడ్డే పెట్టు."

"అది పలుచగుంటది అత్తమ్మా. వానలు పడితే తుప్పు పడతది. కాగితాలు ఎప్పుడైతయో ఏమో!"

"తుప్పు పట్టకముందే తెప్పియ్యి. దాన్ని పండబెట్టినవంటే నువ్వు సుత పండుకుంటవ్."

పలుచటి జిడ్డే పూసి అప్పజెప్పాం. అప్పటి నుంచి నాకు నిమ్మళం లేదు. భూపాలపల్లి మీద మబ్బు పట్టిందంటే చాలు, ఠాణా గోడకు ఆనించిన ఆ గొట్టమే గుర్తొస్తుంది. చెప్పులేసుకుని లైసెన్సుల ఆఫీసుకు పోతాను. ఒకరోజు అత్తమ్మను కూడా తీసుకెళ్లాను. "ఆడమనిషికి తుపాకి ఎందుకమ్మా?" అన్నాడు అక్కడి గుమాస్తా.

"మొగోళ్ల చేన్లకే పోవాల్నని పందులకు నువ్వు చెప్పినవా సారూ?" అంది అత్తమ్మ. ఆయన ఫైలు ముందుకు జరిపాడు. అది ఇంకా పై అధికారి బల్ల మీదే ఉంది.

నిన్న ఊరికి పోయాను. మక్కలు మోకాలెత్తు వచ్చాయి. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి వెలుగుతోంది, డబ్బాలో ఏదో కరుగుతోంది, అత్తమ్మ వాసన నూనె సీసా మూత తీసి ఉంది. ఇంట్లో తుపాకి లేదు. అయినా ఆమె ఎడమ బొటనవేలి గోరు మీద కాస్త జిడ్డు పెట్టుకుని, నీడలో కూర్చుని, చెయ్యి మాత్రం ఎండలోకి చాపింది. అది మెల్లగా జారి వేలి పక్కకు దిగింది.

"ఇంకింత మైనం పడాలె" అంది, నా వైపు చూడకుండానే.