శకునపక్షి బావ కొండెక్కిన రోజు

ఎవరెలా పోతారో ముందే చెప్పకపోతే బావకు తిన్నది అరగదు. అందుకే ఇంటిల్లిపాదీ ఆయనకు శకునపక్షి అని పేరు పెట్టారు. లిఫ్టులు బాగుచేయడం ఆయన వృత్తి. పని పూర్తయ్యాక జనాన్ని ఎక్కించి, "ప్రస్తుతానికి తెగదు లెండి" అని తలుపేస్తాడు. బంధువులు కొత్తిల్లు చూపిస్తే మెట్ల మలుపు దగ్గర ఆగి, "శవాన్ని దింపాలంటే ఇక్కడ ఇబ్బందే" అన్నాడు. చెప్పొద్దూ, ఆ తర్వాత ఆ ఇంటికి ఆయన్ని పిలిస్తే ఒట్టు.

ఆయన మరదలికి సోమవారం ఆపరేషన్. కడుపులో గడ్డ. తీస్తే గాని అది ఎలాంటిదో చెప్పలేమన్నారు డాక్టర్లు. అప్పట్నుంచి అందరూ "నీకేం కాదు" అనేవాళ్లే. అక్క అంది, పక్కింటావిడ అంది, ఆఖరికి మందుల షాపతనూ అన్నాడు. విన్నకొద్దీ ఆమెకు భయం పెరిగింది. పోయేవాళ్లతోనే ఇంత తియ్యగా మాట్లాడతారనిపించింది. కాస్త మనసు మళ్లుతుందని ఆదివారం అక్కాబావలు ఆమెను కొండమీది జలపాతానికి తీసుకెళ్లారు.

బస్సు దిగగానే బావ మొదలెట్టాడు.

"ఆ డ్రైవరు కళ్లు చూశారా? ఏదో ఒకరోజు లోయలోకే."

"దిగేశాం కదండీ!" అంది అక్క.

"మళ్లీ ఎక్కాలిగా."

దారంతా నాచు పట్టిన రాళ్లు. అక్కకు నడుం విరుగుతుందన్నాడు. లోయ అంచున నిలబడి ఫొటో తీసుకుంటున్న జంటను "ఇంకొక్క అడుగు వెనక్కేస్తే రేపు పేపర్లో పడతారు" అని పలకరించాడు. పాపం, వాళ్లు ఫొటో మానేసి కొండ దిగిపోయారు. జలపాతం చూసి అక్క "అబ్బ!" అనగానే, "పైన ఆ బండ కదిలిందా, అందరం ఒకేసారి" అన్నాడు.

మరదలికి నవ్వొచ్చింది. అంతలోనే ఒక సంగతి తట్టి ఆ నవ్వు ఆగిపోయింది. పొద్దుట్నుంచి బావ ఎవర్నీ వదల్లేదు, తన జోలికి మాత్రం రాలేదు. శకునపక్షే నోరు మూసుకున్నాడంటే ఇక తన పని అయిపోయినట్టే.

జలపాతానికి కాస్త అవతలున్న వేడినీళ్ల బుగ్గల దగ్గరికి చేరాక అక్క టీ తేవడానికి వెళ్లింది. బావ ఒక్కో మడుగులో చెయ్యి పెట్టి, కాల్చుకుని, తిట్టుకుని, చివరికి గోరువెచ్చటిది ఒకటి చూసి మరదల్ని కూర్చోబెట్టాడు. పక్కనే తనూ నీళ్లలో కాళ్లు పెట్టాడు.

"బావగారూ, అందరి చావూ చెప్పారు. నాది చెప్పరేం?"

"అది మంచి చావు కాదులే. బాధపడతావు."

"పర్లేదు. చెప్పండి."

"ఎనభై దాటాక, బాత్రూంలో సబ్బు మీద కాలేస్తావు. గడియ పెట్టుకుంటావు కాబట్టి తలుపు పగలగొట్టాలి. అప్పటికి నీకు చెవుడు కూడానూ. ఎంత పిలిచినా పలకవు."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. నవ్వు లేదు, జాలీ లేదు. లిఫ్టు తాడును చూసే చూపే.

"మరి పొద్దుట్నుంచీ చెప్పలేదేం?"

"అంత దూరం చూడాలంటే టైం పట్టదా?"

"సోమవారం సంగతో?"

"సోమవారం కాదు, ఆ తర్వాతే ప్రమాదం. ఆసుపత్రి క్యాంటీన్ భోజనం తిన్నవాడు బతికి బట్టకట్టడు. నేను ఇంటి నుంచి క్యారేజీ తెస్తాలే."

ఇన్నాళ్లలో ఆమె నమ్మిన మాట అదొక్కటే. పుట్టి బుద్ధెరిగాక ఒక్క మంచిమాటా అనని మనిషి నోట వచ్చింది మరి. ఏడుపూ నవ్వూ కలిసి తన్నుకొచ్చాయి. టీలు తెచ్చిన అక్క హడలిపోయి, "ఏమన్నారండీ దాన్ని?" అని మొగుడి మీద విరుచుకుపడింది.

లేచేటప్పుడు బావ చెయ్యందించాడు. "మెల్లగా. ఇక్కడా జారుతుంది."

"ఇప్పుడు కాదుగా బావగారూ, ఎనభై దాటాక కదా!" అంటూ ఆమె గబగబా రాళ్లమీద అడుగులేసింది.

బావ మాత్రం బస్సు దాకా ఆ చెయ్యి వదల్లేదు.