ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో నేను దాచినది

ఏ వ్యాసమైనా దాన్ని ఎందుకు రాస్తున్నామో చెప్పి మొదలుపెట్టాలని ఉద్యోగకాలమంతా పిల్లలకు బోధించాను. కనుక ముందుగా ఆ పని చేస్తాను. చోడవరంలో ఒక కుటుంబానికి వారి తాతముత్తాతలు ఇవ్వని ఇంటిపేరు ఒకటి అంటుకుంది. అది ఎలా అంటుకుందో ఊరికి తెలియదు. నాకు తెలుసు. తెలిసి ఇన్నేళ్లు మోశాను. మోశాను అనడం కూడా సరి కాదేమో. మోసింది వాళ్లు. నేను దాచాను, అంతే. కానీ దాచడంలోనూ ఒక అలసట ఉంది. ఈ వయసులో అది మోకాళ్ల కంటే ముందు మనసును వంచుతున్నది. ఇక దాచలేను. అందుకే రాస్తున్నాను.

నా పేరు రాయడం లేదు. ఆ ధైర్యం ఈ వాక్యం దాకా రాలేదు. ఈ ఊళ్లో సైన్సు చెప్పి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇక్కడివారు నన్ను పోల్చుకోగలరు. పోల్చుకోనివ్వండి.

మొన్న ఒక పాఠశాల వార్షికోత్సవానికి నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. వ్యాసరచనలో మొదటి బహుమతి పొందిన అమ్మాయి వేదిక ఎక్కుతుండగా నా వెనుక వరుసలో ఎవరో అడిగారు.

“ఆ గుంటెవలే?”

“తెల్దేటి? కిరసనాయిలోళ్ల గుంట.”

ఇద్దరూ నవ్వుకున్నారు. దుర్మార్గపు నవ్వేమీ కాదు. వీధి పేరో, రేవు పేరో చెప్పినట్టు మామూలుగా చెప్పారు. ఆ మామూలుతనమే నన్ను కుంగదీసింది. ఎగతాళి అయితే ఏదో ఒక రోజు అలసిపోతుంది. ఇంటిపేరు అలసిపోదు. ఆ పిల్ల నా చేతిలోని పుస్తకాలు అందుకుని, వంగి నా పాదాలకు నమస్కరించింది. ఆమె నూకరాజు మనవరాలు.

నూకరాజు ఒకప్పుడు నా డ్రైవరు. అతని గురించి చెప్పే ముందు కారు గురించి చెప్పాలి.

నా భార్యకు మోకాళ్ల నొప్పులు. బస్సు మెట్టు ఎక్కలేని స్థితి వచ్చినప్పుడు, విశాఖపట్నంలో వ్యాపారం చేసే ఆమె తమ్ముడు తాను వాడి పక్కన పెట్టిన విదేశీ కారును మాకు పంపాడు. ఒకనాటి దర్జా కారు. సీట్ల తోలు అక్కడక్కడ పగిలింది, రంగు కొంత వెలిసింది. అయినా తలుపు వేస్తే మెత్తగా, బరువుగా ఒక శబ్దం వచ్చేది. ప్రతి వస్తువూ తన చోట తాను అమరినప్పుడు వచ్చే శబ్దం. దాన్ని వినడానికే ఒక్కోసారి తలుపు మళ్లీ తీసి వేసేవాణ్ణి.

నాకు నడపడం రాదు. నూకరాజును పెట్టుకున్నాం. చీడికాడ దగ్గర చెరకు పండించే కుటుంబం వాళ్లది. అతను మాత్రం పొలం వదిలి స్టీరింగు పట్టాడు. చోడవరంలోనే కాపురం. గొప్ప మాటకారి. నా మౌనాన్ని భరించలేక దారిలో ఎదురైన ప్రతి ఎడ్లబండినీ పలకరించేవాడు.

ఆ ఏడు దసరాకు నా భార్య అనకాపల్లి అమ్మవారి గుడి నుంచి ఒక ఎర్రగుడ్డ తెచ్చింది. పసుపు, కుంకుమ, అక్షింతలు వేసి పూజ చేయించిన గుడ్డ. దాన్ని కారు ముందు అద్దానికి కట్టమన్నది. మన ప్రాంతంలో ఏ బండికి లేదు ఆ గుడ్డ? ట్రాక్టరుకు ఉంటుంది, ఆటోకు ఉంటుంది, పోలీసు జీపుకూ ఉంటుంది. కానీ నమ్మకానికీ నిరూపణకూ తేడా ఏమిటో బల్ల గుద్ది పాఠం చెప్పిన నేను, కుంకుమగుడ్డ ఊగుతున్న కారులో ఊరేగితే నా విద్యార్థులు ఏమనుకుంటారు? అలాగని ఆమె మాట తీసివేయలేను. గుడ్డ కారులో ఉండాలి, కంటికి కనబడకూడదు. ఇదీ నేను నాకు ఇచ్చుకున్న లెక్క.

బానెట్ ఎత్తి చూశాను. ఇంజిన్‌కు గాలి వెళ్లే దారిలో నల్లటి ప్లాస్టిక్ పెట్టె ఉంది. దానిలో గాలిని వడగట్టే ఫిల్టరు ఉంటుంది. క్లిప్పులు విప్పితే, ఫిల్టరు పైన చదునైన చోటు కనిపించింది. నూకరాజు మూత పట్టుకున్నాడు. నేను గుడ్డను చక్కగా మడిచి అక్కడ అమర్చి, మూత వేయించాను. ఇంజిన్ గుండె దగ్గరే రక్షణ పెట్టానని భార్యతో చెప్పాను. ఆమె సంతోషించింది. ఊపిరితిత్తుల బొమ్మను నల్లబల్ల మీద లెక్కలేనన్నిసార్లు గీసినవాణ్ణి, ఊపిరి పోయే దారిలో గుడ్డ పెట్టాను. అప్పుడు ఆ ఆలోచనే రాలేదు. కుదురుగా పట్టిందన్న తృప్తి మాత్రం కలిగింది.

దీపావళి దాటాక, స్టీరింగు వెనుక పసుపుపచ్చని దీపం వెలిగింది. చిన్న ఇంజిన్ బొమ్మ. చెక్ ఇంజిన్ దీపం అంటారు. ఇంజిన్‌లో ఏదో తేడా ఉంది, చూపించుకో అని దాని అర్థం. ఏమి తేడానో అది చెప్పదు. మెకానిక్ లోపాలు చదివే స్కానరు తగిలించి ఆర్పాడు. వడ్డాది దారిలో మళ్లీ వెలిగింది. మళ్లీ ఆర్పించాం. దేవరాపల్లిలో ఒక పెళ్లికి వెళ్తుంటే మళ్లీ వెలిగింది. బండి ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గేది. ఎర్రసిరాతో దిద్ది ఇచ్చిన తప్పునే పిల్లవాడు మళ్లీ మళ్లీ రాసుకొచ్చినట్టు నాకు చిరాకుగా ఉండేది. ఆ దీపం మీద వేలు పెట్టి కప్పి ప్రయాణం చేయాలనిపించేది.

ఆ మెకానిక్ గోవింద. అనకాపల్లి రోడ్డులో షెడ్డు. నా దగ్గర చదువుకున్నవాడే. చివరిసారి వెళ్లినప్పుడు షెడ్డు నిండా మనుషులున్నారు. వారిలోనూ నా పాత విద్యార్థులు కొందరు. నన్ను చూసి బీడీలు దాచుకున్నారు.

“మేస్టారూ, మీ బండికి జొరం తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడతందండి,” అన్నాడు గోవింద. “గాలికీ పెట్రోలుకీ లెక్క కుదరట్లేదంటంది స్కేనరు. గాలి దారిలోనన్నా ఏదో ఉండాలి, పెట్రోల్లోనన్నా తేడా ఉండాలి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె మజ్జిలో ఎవరైనా ఇప్పేరేటండీ?”

అతని చేయి అప్పటికే మూత క్లిప్పు మీద ఉంది.

ఆ క్షణాన్ని నేను ఎన్నిసార్లు మళ్లీ నడిచానో! అవునంటే మూత తెరుచుకుంటుంది. సైన్సు మేస్టారి ఇంజిన్‌లోంచి కుంకుమగుడ్డ బయటికి వస్తుంది. అందరూ చూస్తారు. ఎవరూ ఏమీ అనరు. సాయంత్రానికి ఊరంతా నవ్వుతుంది. అంతే కదా జరిగేది? ఒక్క పూట నవ్వు. దానికి భయపడ్డాను.

“లేదు,” అన్నాను. “దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.”

గోవింద చేయి తీసేశాడు. “మేస్టారు లేదంటే లేదంతే. మేస్టారి జవాబు మనం దిద్దుతామేటి?” అని నవ్వాడు. నేను పెంచిన క్రమశిక్షణ అది. మరో యజమాని చెప్పి ఉంటే నమ్మేవాడు కాదు, తెరిచి చూసేవాడు. నా మాట మీద తెరవలేదు. తర్వాత నూకరాజు వైపు తిరిగాడు. “ఒరే నూకరాజూ, మరి నువ్వు పెట్రోలు బంకులో కొట్టిస్తన్నావా, రేషను డిపోలో కొట్టిస్తన్నావా? కిరసనాయిలు తాగిన బండే ఇలాగ దగ్గుతాది.”

షెడ్డంతా నవ్వింది. నూకరాజు కూడా నవ్వాడు.

“ఊరుకో గోవిందన్నా. మేస్టారి బండిలో కిరసనాయిలు పోస్తే వాసన సూసి ఏ డిపోదో సెప్పీగల్రు.”

అని నా వైపు చూశాడు. మూత పట్టుకున్నవాడు అతనే కదా. నేను చెబుతానని చూశాడు. నేను స్కానరు వైపు చూశాను.

ఇంటికి వచ్చేదాకా అతను ఏ బండినీ పలకరించలేదు. గేటు దగ్గర ఆపి, దిగి, నెమ్మదిగా అడిగాడు.

“ఏటండీ మేస్టారూ, అమ్మోరి గుడ్డ సంగతి గోవిందకి సెప్పలేదేటండి?”

“ఆ గుడ్డకూ ఈ దీపానికీ సంబంధం లేదు.”

“సంబంధం లేపోతే సెప్పడానికేటండి బాధ?”

తరగతిలో జవాబు లేని ప్రశ్న ఎదురైనప్పుడు ఉపాధ్యాయుడు చేయకూడని పని ఒకటుంది. అడిగినవాణ్ణి బయట నిలబెట్టడం. నేను అదే చేశాను.

“తాళాలు ఇలా ఇవ్వు. పెట్రోలు సంగతి తేలేదాకా రానక్కరలేదు.”

“నేను కలిపేనని మీరంటన్నారా, బాబూ?”

ఎప్పుడూ మేస్టారూ అనేవాడు. ఆ ఒక్కసారి బాబూ అన్నాడు. నేను అవునని అనలేదు. కాదనీ అనలేదు. ఆ రెండింటి మధ్య నిలబడి, నేను అబద్ధం చెప్పలేదు కదా అని నన్ను నేను ఓదార్చుకున్నాను. షెడ్డులో చెప్పింది మరేమిటి?

కొత్త డ్రైవరు వచ్చాడు. నా కళ్ల ముందే బంకులో పెట్రోలు పోయించాను. దీపం వెలుగుతూనే ఉంది. నూకరాజు తప్పు లేదని చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి? పాత కల్తీ ప్రభావం ఇంకా వదల్లేదని సరిపెట్టుకున్నాను. ప్రయోగఫలితం ఊహను కాదంటే ఊహను వదలాలని పాఠం చెప్పినవాణ్ణి, ఫలితాన్ని వదిలాను.

మళ్లీ దసరా వచ్చింది. నా భార్య కొత్త గుడ్డ ఇచ్చింది. పాతదాన్ని తీయడానికి ఒంటరిగా పెట్టె తెరిచాను. గాలి లాగిన లాగుడుకు గుడ్డ ఒక మూలకు ముడుచుకుపోయి, గొట్టం మూతికి అంటుకుని ఉంది. అంచులు పీలికలయ్యాయి. లోపలికి వెళ్లే గాలిని కొలిచే సన్నని తీగ మీద పసుపూ కుంకుమా పొరగా పేరుకున్నాయి. గుడ్డ తీశాను. తీగను శుభ్రం చేశాను. కొత్త గుడ్డను బీరువాలో పెట్టి, కారులో పెట్టానని ఆమెకు చెప్పాను. కొద్దిరోజులకు దీపం తనంతట తానే ఆరిపోయింది. మళ్లీ ఎన్నడూ వెలగలేదు.

ఇక్కడి దాకా జరిగింది పిరికితనం. ఇకమీద రాసేది నేరం.

సంతలో గోవింద ఎదురయ్యాడు. “ఏటండీ మేస్టారూ, దీపం ఆరిందంట గదా! ఏటి సేసేరండీ?” అని అడిగాడు.

“పెట్రోలు మారింది, ఆరింది,” అన్నాను.

తెలిసి అన్నాను. తొణకకుండా అన్నాను. వాక్యం పొందికగా కూడా ఉంది. ఆ పొందికైన వాక్యమే ఊరంతా తిరిగింది. గోవింద సరదాకు అన్న మాటకు మేస్టారి ముద్ర పడింది. టీ కొట్టు దగ్గర “ఒరే కిరసనాయిలూ, టీలో ఏటీ కలపకురోయ్” అన్నారు. ఆటో స్టాండులో అన్నారు. ఒక బడి వ్యాను నడపడానికి నూకరాజును తీసుకోబోతూ యాజమాన్యంవారు నన్ను అడిగారు. “జాగ్రత్తగా చూసి పెట్టుకోండి,” అన్నాను. వారు పెట్టుకోలేదు. నా సలహా మీద వదిలేశామని ధన్యవాదాలు కూడా చెప్పారు. ఆ తరువాత ఎవరూ అతనికి కారు తాళం ఇవ్వలేదు. చెరకు కాలంలో ట్రాక్టరు తోలాడు. మిగతా రోజుల్లో, వదిలి వచ్చిన పొలంలోకే కూలికి వెళ్లాడు.

నా భార్య పోయింది. అమ్మవారి గుడ్డ ఉండబట్టే మాకు దారిలో ఏ ఆపదా రాలేదని నమ్ముతూ పోయింది. కారూ పోయింది. నూకరాజు ఉన్నాడు. బజారులో అప్పుడప్పుడు ఎదురవుతాడు. ఎడ్లబండినీ పలకరించే మనిషి, నన్ను పలకరించడు. నేనే పలకరించవచ్చు కదా? వార్షికోత్సవం మరునాడు అతని వీధి మొదటిదాకా వెళ్లాను. అక్కడ ఆడుకుంటున్న పిల్లలు “ఎవరింటికండీ?” అని అడిగారు. అతని అసలు ఇంటిపేరు చెప్పాను. పిల్లలు ముఖముఖాలు చూసుకున్నారు. ఒకడికి మాత్రం తట్టింది. “కిరసనాయిలోళ్లేటండీ?” అన్నాడు. అవునని నేనే అనవలసి వస్తుందని గ్రహించి, వెనక్కి తిరిగాను. అంటే ఆ రోజు కూడా అతన్ని గేటు దగ్గరే వదిలాను.

ఎందుకు చేశాను? నలుగురూ నవ్వుతారని. నేను ప్రేమించిన క్రమం, ఏ వస్తువును ఎక్కడ ఉంచాలన్న పట్టింపు, చివరికి నా మర్యాదను నా చోట ఉంచుకోవడానికే పనికొచ్చాయా? మరొకడి పేరు ఎక్కడ పడినా నాకు పట్టలేదా? ఈ ప్రశ్నలకు మార్కులు వేయడానికి ఇప్పుడు నా పైన ఎవరూ లేరు. క్షమించమని అడగను. అడిగితే అతను సరేనంటాడేమోనన్న భయం కూడా ఉంది. ఇది రాయడం వల్ల అతని ఏళ్లు తిరిగి రావు. రాశాక నా ఊపిరి కొంత తేలిగ్గా ఆడుతున్న మాట మాత్రం నిజం. అది నాకు దక్కిన లాభమే తప్ప అతనికి కాదని కూడా తెలుసు. దీని నకలు ఒకటి గోవింద షెడ్డుకు పంపుతున్నాను. నలుగురూ ఉన్నప్పుడు పైకి చదవమని కోరాను.

చదివేవారికి ఒక మనవి. చూపు తగ్గింది, చేయి వణుకుతోంది. ఇందులో భాషాదోషాలు ఉంటే దిద్దండి. కారు యంత్రం గురించి తప్పు రాసి ఉంటే తెలిసినవారు దిద్దండి. మేస్టారి జవాబు అని వదిలేయకండి. ఆ మర్యాద వల్లే ఇదంతా జరిగింది. అన్నిటికన్నా ముందు, ఈ ఊళ్లో ఎవరైనా ఎప్పుడైనా ఆ ఇంటివారిని కిరసనాయిలోళ్లు అంటే, అక్కడికక్కడే దిద్దండి. అది వారి ఇంటిపేరు కాదు. అది నా తప్పు.