గోడంత బోర్డు

కోరుట్ల సర్కారు బడికి దుబాయిల పనిచేసే తండ్రులు చందాలేసుకొని కొత్త బోర్డులు కొనిచ్చిండ్రు. మా ఊరి బడిల ఉన్న ఒక్క బోర్డు పగిలి ఏడాదైంది. పిల్లల తల్లులు బీడీలు చేసి బతికెటోళ్లు, వాళ్లను చందా అడుగ నాకు నోరు రాలె.

ఇయ్యాల పొద్దుగాల బడికి పోయేసరికి పదిమంది తల్లులు ఆకుపసరుల బొగ్గు నూరి, తరగతి గోడంతా నల్లగ పూస్తున్నరు. నక్సలైటు అన్నలు నినాదాలు రాసుడు, పోలీసులు సున్నం కొట్టించుడుతోని ఊర్లె గోడ ముట్టాలంటేనే భయపడే రోజులివి.

"కింద నేల దాకా ఎందుకు రాజవ్వా?" అన్న.

"చిన్నోళ్లకు అందాలె గద సారూ," అన్నది.

ఆరినంక ముప్పై మంది పిల్లలు ఒక్కసారే గోడకు నిలబడి పేర్లు రాసిండ్రు. నేను పాఠం మరిచి గట్లనే చూసుకుంట ఉండిపోయిన. కోరుట్ల సార్లూ, ఇంత బోర్డు మీకున్నదా?