ఒక బెజ్జం ఎక్కువ

ఆళ్ళగడ్డ చుట్టుపక్కల బోరు మోటారు పాడైతే జనం పరంజ్యోతి ఇంటికే మోసుకొస్తారు. ఆయనకు బోర్డు లేదు, దుకాణం లేదు. ఇంటి పక్కన రేకుల షెడ్డు, దాని కింద ఒక డ్రిల్లింగ్ మిషను, గోడకు వేలాడే పానాలు. పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పడుచు వయసులో పాత ఆయిల్ ఇంజను ఒకటి విప్పి, దాన్ని తిరిగి బిగించడానికి ఎండాకాలమంతా తంటాలు పడ్డాడు. అదే ఆయన బడి. ఇనుములో బెజ్జం వేసినప్పుడల్లా పక్కన ఇంకొకటి ఎక్కువ వేయడం ఆయనకు అలవాటు. ఎందుకని అడిగితే, మన కొలతే సరైందని ఎవరు చెప్పారంటాడు. అంతకు మించి మాట్లాడడు.

కోడలు వందనకు ఊళ్ళు తిరిగి పశువులకు టీకాలు వేసే ఉద్యోగం వచ్చింది. అన్నీ అహోబిలం దారి పల్లెలు. వానొస్తే ఆ రేగడి బాటల్లో చిన్న చక్రాల స్కూటరు కదలదు. అందుకని భర్త జీవన్ కుమార్ మోటారు సైకిలే నేర్చుకుంది. నడపడం బాగానే వచ్చింది గానీ మనిషి పొట్టి. బండి ఆపితే మునివేళ్ళు మాత్రమే నేలకు తగులుతాయి. ఆ వారం గొర్రెల మంద అడ్డమొచ్చి ఆగబోయింది. కాలు పెట్టిన చోట పల్లం. బండితో సహా ఒరిగిపోయింది. మోకాలు చెక్కుకుపోయింది, టీకాల పెట్టె బోర్లాపడి సీసాలు పగిలాయి.

ఇంటికొచ్చి మోకాలు కడుక్కుంటూ మామతో మెల్లగా చెప్పింది. "సోమవారం పోయి ఈ పని నాకొద్దని చెప్పొస్తా మామా. నడిపేటప్పుడు భయం లేదు. ఆపాలంటేనే భయమైతాంది."

బెదిరిన బర్రె దగ్గర కూడా ఆ పిల్ల చెయ్యి ఎంత నిదానంగా ఉంటుందో పరంజ్యోతి చూశాడు. అంత పని తెలిసిన మనిషి, బండి ఎత్తు కుదరలేదని ఇంట్లో కూర్చోవడం ఆయనకు మింగుడు పడలేదు.

మోటారు వైరు కోసం నంద్యాల పోయినప్పుడు బండి ఎత్తు తగ్గించే దారేంటని ఒక మెకానిక్కును అడిగాడు. వెనక షాకబ్జార్బర్ల స్ప్రింగులు రెండేసి చుట్లు కోసేస్తే బండి దానంతటదే దిగుతుందన్నాడు అతను. పరంజ్యోతి తల అడ్డంగా ఊపి వచ్చేశాడు. కోసిన స్ప్రింగు తన చోట కుదురుగా కూర్చోదు. గుంతలో పడ్డ రోజు ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు.

ఆదివారం ఆయన పనిముట్టు ముట్టడు. కాబట్టి ఏం చేసినా శనివారం పొద్దుగూకేలోపే. ముందు కొలత తీసుకోవాలి. షెడ్డు కింద నేల ఎగుడుదిగుడు. అందుకని బండిని నాపరాళ్ళు పరిచిన వసారాలోకి ఎక్కించాడు. వందనను కూర్చోబెట్టి, మడమకూ రాతికీ మధ్య ఎంత ఎడముందో పుల్లతో కొలిచి గీత పెట్టుకున్నాడు.

షాకు కింది కొనను చక్రం దగ్గర బిగించే చోటు నుంచి మందపాటి ఇనుప పట్టీని కిందికి దించి, షాకును దానికి తగిలిస్తే బండి వెనక భాగం ఆ మేరకు దిగుతుంది. రెండు పట్టీలనూ జతచేసి పట్టి ఒకేసారి తొలిచాడు. అలా అయితే ఎడమకూ కుడికీ వెంట్రుకంత తేడా రాదు. గీత ప్రకారం అడుగున ఒక బెజ్జం, అలవాటు కొద్దీ దాని పైన ఇంకొకటి. పట్టీ అటూ ఇటూ తిరగకుండా అదనంగా ఒక బోల్టు. అడుగు బెజ్జానికి షాకులు తగిలించి, చైను బిగువు సరిచేసి వందనను పిలిచాడు. రెండు మడమలూ రాతి మీద ఆనాయి. ఆమె ముఖం విప్పారింది.

ఆయన ఇంకా నవ్వలేదు. ఊళ్ళో దిగితే ఎవరో ఒక రైతు దొడ్డి చూపిస్తానని బండెనక ఎక్కుతాడు. ఆ బరువూ చూడాలి. భార్య శాంతమ్మను ఎక్కమన్నాడు. ఆమె కూర్చుని కాస్త ఊగేసరికి టైరు మడ్‌గార్డుకు రాసుకుని గరగరమంది.

"నా బరువుకే ఇట్ల అరుస్తాండాదా ఏందీ?" అంది శాంతమ్మ.

"నీకంటే లావు రెడ్లున్నారులే ఆ ఊళ్ళల్లో" అన్నాడాయన.

పై బెజ్జానికి మార్చాడు. రాపిడి పోయింది గానీ వందన మడమలు మళ్ళీ లేచాయి. కిందికి దించితే టైరు రాసుకుంటుంది, పైకి లేపితే కాలందదు. పొద్దు వాలుతోంది. ఆయన పానా పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. పోనీలే మామా, ఇంత చేసినావు చాలంది వందన.

శాంతమ్మ బండి దిగి మెట్ల కింద చెప్పుల కోసం వెతుక్కుంటోంది. తాను కడిగిన వసారాలోకి ఎవరినీ చెప్పులతో రానివ్వదు. ఆమె చెప్పుల పక్కనే వందన బూట్లున్నాయి. రేగడిలో దిగబడకుండా కొన్న మందపాటి అడుగుల బూట్లు.

పరంజ్యోతి వాటినే చూస్తూ లేచాడు. "అమ్మా, నువ్వు ఊళ్ళకు ఉత్తకాళ్ళతో పోతాండావా?"

"లేదు మామా, బూట్లేసుకునే."

"తొడుక్కోని రా."

నేల సరిగ్గా ఉండాలని ఏరి కోరి వసారాలో కొలిచాడు. ఆ వసారాలోనే కాబట్టి ఉత్తకాళ్ళకు కొలిచాడు. శాంతమ్మ రాళ్ళు ఇప్పుడే కడిగానని అడ్డంపడింది. నేనే కడుగుతాలే అన్నాడాయన.

వందన బూట్లతో వచ్చి కూర్చుంది. పై బెజ్జం మీదే రెండు మడమలూ నిండుగా ఆనాయి. శాంతమ్మ మళ్ళీ వెనకెక్కి, ఈసారి కావాలనే గట్టిగా ఊగింది. చప్పుడు లేదు.

అత్తాకోడళ్ళు అలాగే బండి మీద ఊరి చివరి రేగడి బాట దాకా పోయారు. పరంజ్యోతి గేటు పట్టుకుని నిలబడ్డాడు. తిరిగొస్తూ వందన గేటు ముందున్న పల్లంలోనే, కావాలని, బండి ఆపింది. రెండు కాళ్ళూ కింద పెట్టి, చేతులు వదిలేసి చున్నీతో ముఖం తుడుచుకుంది.

"సోమవారం యాడికి పోవల్ల?" అడిగాడు.

"ఆ గొర్రెల ఊరికే మామా. సీసాలు పగిలి వాటికి టీకాలు నిలిచిపోయినాయి గదా."

బండి ఎత్తు తగ్గింది కాబట్టి పక్క స్టాండు ఇప్పుడు పొడుగైంది. ఆనిస్తే అవతలికి పడిపోతుంది. ఎత్తు తేలేదాకా దాన్ని ముట్టుకోలేదాయన. ఇప్పుడు బండిని గోడకు ఆనించి, సుద్దముక్కతో స్టాండు మీద గుర్తు పెట్టి, నింపాదిగా రంపం అందుకున్నాడు.