ఒమేర్ రక్తానికి కాపలా

ఫ్రెంచివాళ్ల ఏలుబడిలోని మారీ-గలాంత్ దీవిలో ఎడ్లబండి మీద చెరకు తోలే ఒమేర్ బాజిల్ యాభయ్యేళ్లొచ్చేవరకూ ఎవరికీ పట్టని మనిషి. కోడిపందేల్లో ఓడిపోయేవాడు. ఆ బాధకి రమ్ము తాగి ఎడ్లతో వాదన పెట్టుకునేవాడు. అందులోనూ ఎడ్లే నెగ్గేవి. మాది పక్కిల్లు కాబట్టి ఆ వాదనలన్నీ నాకు వినపడేవి.

హెర్నియా ఆపరేషనుకని రక్తపరీక్ష చేయించుకోవడంతో గొడవ మొదలైంది. అతని రక్తంలో ఎవరి రక్తం కలిపినా పాలు విరిగినట్టు విరిగిపోతోంది. ఆ రక్తం సీసా పెద్ద పరీక్షకని పారిస్ దాకా వెళ్లొచ్చింది. ఒమేర్ జీవితంలో అంత దూరం వెళ్లింది అతని రక్తమే.

"మీకు ఎక్కించడానికి పనికొచ్చే రక్తం, మాకు తెలిసినంతలో, ఒక్కరి దగ్గరే ఉంది" అంది డాక్టర్ మోరాన్. "ఆపరేషన్ ఇప్పుడొద్దు. పట్టీ కట్టుకుని నెట్టుకురండి. దెబ్బ మాత్రం తగలనివ్వకండి."

"ఎవరండీ ఆ ఒక్కరూ?"

"సెయింట్-లూయీలో బట్టలు కుడతారే, యూలాలీగారు."

ఒమేర్ మొహం మాడిపోయింది. యూలాలీ పెళ్లి చేసుకోని ముసలావిడ. అక్కడి రమ్ము దుకాణం ముందు నిలబడి, బయటికొచ్చేవాళ్లని గొడుగుతో కొట్టేది. ఒమేర్ వీపుకి ఆ గొడుగు బాగా పరిచయం.

మర్నాటి నుంచి ఊరంతా అతని రక్తానికి కాపలా కాసింది. మంగలి గడ్డం గీయనన్నాడు. "కత్తి జారితే ప్రపంచానికి ఎవడు సమాధానం చెప్తాడు?" అని దణ్ణం పెట్టాడు. భార్య బెర్తీల్ చేపలో ముళ్లన్నీ తీసి ముద్దలు పెట్టింది. పట్టపగలే దోమతెరలో కూర్చోబెట్టింది.

"ఇద్దరికే ఉన్న రక్తాన్ని దోమలకి పోస్తావా? సిగ్గు లేదూ?"

ఎడ్ల కొమ్ములకి పాత లంగాలు చుట్టారు. ఎడ్లు దాన్ని చాలా రోజులు క్షమించలేదు.

ఇంతలో డాక్టరమ్మ ఒమేర్‌నీ యూలాలీనీ పిలిపించింది. ఈ రక్తం రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు వైపులా రావాలంది. ఇంత చిన్న దీవిలో ఇద్దరికి వచ్చిందంటే పైన ఎక్కడో ఇద్దరికీ మూలపురుషుడు ఒకడే అయ్యుంటాడంది.

యూలాలీ కుర్చీలోంచి లేచింది. "మా తాత సెవెరెన్ చర్చిలో గంటలు కొట్టిన పుణ్యాత్ముడు. ఈ తాగుబోతుకీ మాకూ ఏం సంబంధం?"

"నేను మాత్రం అడిగానా నీ చుట్టరికం?" అన్నాడు ఒమేర్.

సంగతి తేల్చింది ఒమేర్ మేనత్త జెఫిరీన్. ముగ్గురు మొగుళ్లని సాగనంపి, ఇక దేనికీ మొహమాటపడని మనిషి. పనసగింజలు వలుస్తూ చెప్పింది.

"సెవెరెనా? ఈ దీవిలో ప్రతి చర్చికీ ఆయనే వెళ్లి గంట కొట్టేవాడు. ఏ ఊళ్లోనైనా గంట ఆలస్యమైందంటే ఎందుకో ఆడవాళ్లకి తెలిసేది. మీ నాన్నమ్మ ఆయన కూతురేరా. మీ అమ్మమ్మ కూడా."

"రెండు వైపులా ఆయనేనా?"

"మరి? ఓపికున్న మనిషి."

"మరి యూలాలీకి?"

"వాళ్ల నాన్న సెవెరెన్ కట్టుకున్న పెళ్లాం కన్న కొడుకు. వాళ్లమ్మ సెవెరెన్ గంట ఆలస్యమైనప్పటి కూతురు. అన్నాచెల్లెళ్లని వాళ్లకి తెలీదు పాపం."

ఆ మాట యూలాలీ చెవిన పడేసరికి, తాత ఫొటోని గోడకి తిప్పేసి మూడు రోజులు మిషను తొక్కలేదని విన్నాం. ఆదివారం చర్చి బయట ఒమేర్ టోపీ తీసి, "అత్తా, బాగున్నావా?" అన్నాడు.

"ఎవర్రా నీకు అత్త?" అని గొడుగెత్తి, రక్తం గుర్తొచ్చి దించేసింది. కొట్టలేక ఆవిడ పడిన అవస్థ చూసి ఒమేర్‌కి మొదటిసారి జాలేసింది.

వానల్లో ఆవిడే మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేయాలి, రక్తం కావాలి. ఒమేర్ చొక్కా చేతులు మడుచుకుని ఆస్పత్రికి వచ్చాడు. యూలాలీ మంచం మీద నుంచే ఆజ్ఞ వేసింది.

"వాడు ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకుని రావాలి. కడగని రక్తం నాలోకి రానివ్వను."

"రక్తానికి పాపాలుండవండీ" అంది డాక్టరమ్మ.

"మా తాతని చూశాక కూడా అంత నమ్మకమా?"

ఒమేర్ చర్చికి వెళ్లాడు. బెర్తీల్ బయట కూర్చుంది. మధ్యాహ్నం దాటింది. ఫాదర్ ఒకసారి బయటికొచ్చి మంచినీళ్లు తాగి, నుదురు తుడుచుకుని మళ్లీ లోపలికెళ్లాడు. చివరికి ఒమేర్ తేలిగ్గా, ఫాదర్ నీరసంగా బయటికొచ్చారు.

రక్తమిచ్చాడు. ఆపరేషన్ బాగా జరిగింది. కళ్లు తెరిచిన యూలాలీ పక్కమంచం మీద ఒమేర్‌ని చూసి, "ఇంకా రమ్ము వాసనొస్తున్నావు" అంది. అయినా తన జామపండు గుజ్జులో సగం అతనికే పెట్టించింది.

తన వయసులో రక్తం ఇవ్వనివ్వరని తెలిశాక ఆవిడకి కొత్త దిగులు పట్టుకుంది. ఒమేర్‌కేమైనా అయితే తానేం చేయలేదు. చేతికర్రతో వచ్చి మా వీధిలోనే గది తీసుకుంది. ఒమేర్ బండి ముందు గొడుగు పట్టుకుని నడిచేది. ఎడ్ల లాగుడు పందెంలో బండి ఎత్తెక్కుతుంటే అడ్డం వచ్చి నిలబడింది.

"ఒరే ఒమేర్, దిగు! కొంప ముంచుతావు!"

ఎడ్లు ఆగిపోయాయి. అవి ఒమేర్ మాట ఎప్పుడూ వినలేదుగానీ ఆవిడ మాట విన్నాయి. పందెం పోయింది. ఒమేర్ బురదలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ పక్కనే నిలబడి గొడుగు పట్టింది.

తర్వాత డాక్టరమ్మ దీవంతా పరీక్షలు చేయించింది. ఇలాంటి రక్తం ఇంకా కొందరికి ఉందని తేలింది. సెవెరెన్ గంట కొట్టిన ప్రతి ఊళ్లోనూ ఒకరో ఇద్దరో ఉన్నారు. ఒమేర్ హెర్నియా ఆపరేషన్ అప్పుడైంది. కాపలా అక్కర్లేదని మంగలి ఆనందంగా గడ్డం గీశాడు.

"అత్తా, ఇక నువ్వు హాయిగా మీ ఊరు వెళ్లొచ్చు. కావాలంటే ఇచ్చేవాళ్లు బోలెడుమంది ఉన్నారు" అన్నాడు ఒమేర్.

"వాళ్లెవరో ఏమిటో! తెలియనివాళ్ల రక్తం నేనెక్కించుకోను" అంది యూలాలీ. బెర్తీల్ మూడో కంచం పెట్టింది.